ఆన్‌లైన్‌లో వాడుకరి కంటెంట్: అర్థం, పాఠకుల దృష్టి

పరిచయం

మీరు ఉద్యోగ రీత్యా పెద్ద అంబర్‌పేట్‌కు మారవలసి వచ్చిందనుకోండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటాక, విజయవాడ జాతీయ రహదారిని ఔటర్ రింగు రోడ్డు కలిసేచోట ఉన్న ఊరది. ఇల్లు వెతకడానికి ముందు మీరు చేసే పని ఫోనులో ఆ ఊరి పేరు కొట్టి చూడటం. పటం కనిపిస్తుంది. పటం మీద హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్లు, వాటి పక్కన చుక్కల రేటింగులు, ఎవరెవరో పెట్టిన ఫొటోలు. తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ ఒకటి. యూట్యూబులో "ఔటర్‌కు అయిదు నిమిషాల్లో ప్లాట్లు" అంటూ డజను వీడియోలు. ఈలోగా ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ప్రాంతం గురించి ఒక ఫార్వర్డ్ పంపుతారు.

ఇందులో పత్రికా కార్యాలయంలో తయారైనది లేదు. ప్రభుత్వ శాఖ ప్రచురించినది లేదు. పాఠ్యపుస్తక రచయితలు రాసినది లేదు. చాలావరకు మీలాంటి వాళ్లే, జీతం తీసుకోకుండా, ఎవరూ అడగకుండా పెట్టినవి. ఇలాంటి వాటిని ఇంగ్లిషులో యూజర్ జనరేటెడ్ కంటెంట్ అంటారు. దాన్ని కుదించి యూజీసీ అని రాస్తుంటారు. మనకు యూజీసీ అంటే వేరే సంస్థ గుర్తొస్తుంది కాబట్టి ఈ భాగంలో 'వాడుకరి కంటెంట్' అనే మాటను వాడుకుందాం.

ఈ భాగంలో రెండు ప్రశ్నలను చర్చిస్తాం. వాడుకరి కంటెంట్ అని దేన్ని అనాలి? దాన్ని చదివేవారు ఎలా చూస్తారు, ఎందుకు నమ్ముతారు, ఎందుకు కొట్టిపారేస్తారు? రెండో ప్రశ్నే పెద్దది. దాని జవాబును బట్టి కొందరు ప్లాటు కొన్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అర్థం: మూడు లక్షణాలు, వాటి హద్దులు

2006 చివర్లో అమెరికా పత్రిక 'టైమ్' ఆ ఏటి మేటి వ్యక్తిగా ఏ నాయకుణ్ణీ ఎంచుకోలేదు. "మీరు" అని ప్రకటించింది. ఇంటర్నెట్‌ను నింపుతున్నది మామూలు జనమేనని దాని ఉద్దేశం. ఆ మరుసటి ఏడాది, 2007లో, ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఈ విషయంపై ఒక నివేదిక వెలువరించింది. వాడుకరి కంటెంట్‌కు మూడు లక్షణాలు ఉండాలని అందులో చెప్పింది. ఒకటి, అది ప్రచురితమై ఉండాలి, అంటే ఎంతోకొంత మందికి అందుబాటులోకి రావాలి. రెండు, అందులో కొంతైనా సృజన శ్రమ ఉండాలి. మూడు, అది వృత్తిపరమైన పద్ధతులకు, దినచర్యకు వెలుపల తయారై ఉండాలి. పరీక్షలో ఈ మూడూ రాస్తే మార్కులు వస్తాయి. కానీ నిజ జీవితంలో ఏదీ గీత గీసినట్టు ఉండదు.

మొదటి లక్షణం చూడండి. మీరు మీ అక్కకు పంపిన మెసేజి ప్రచురణ కాదు. అదే మెసేజి కాలనీ గ్రూపులో పెడితే? అక్కడ రెండు మూడు వందల మంది ఉంటారు. వాళ్లలో పదిమంది దాన్ని వేరే గ్రూపులకు పంపితే ఒక చిన్న పత్రిక పాఠకులంత మంది చదువుతారు. పంపిన మీకు మాత్రం అది ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరమవుతుంది.

రెండో లక్షణం సృజన శ్రమ. సాయంత్రం హయత్‌నగర్ దగ్గర పటం మీద రోడ్డు ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్కడ ఇరుక్కున్న వాహనాల్లోని ఫోన్లు తాము ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో తెలియజేయడం వల్ల వచ్చింది. మీ ఫోను కూడా అందులో పాలు పంచుకుంది. అయినా అది వాడుకరి కంటెంట్ కాదు, వాడుకరి నుంచి సేకరించిన డేటా. మీరేమీ చెప్పాలనుకోలేదు, ఏమీ రాయలేదు. అదే మీరు "ఇక్కడ సర్వీసు రోడ్డు తవ్వేశారు, ఎడమ పక్కనుంచి పొండి" అని ఫొటోతో సహా పెడితే అది వాడుకరి కంటెంట్. మరి ఒక్క మాటా రాయకుండా మూడు చుక్కలు నొక్కి వదిలేస్తే? ఈ ప్రశ్నకు నిర్వచనంలో జవాబు లేదు. నా దృష్టిలో అది కంటెంటే, ఎందుకంటే అందులో ఒక తీర్పు ఉంది. ఆ తీర్పు ఒక దుకాణాన్ని నిలబెట్టగలదు, మూయించగలదు కూడా.

మూడో లక్షణమే అన్నిటికన్నా జారుడుది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో'ను తీసుకోండి. ఊరివాళ్లే ఊరి యాసలో, ఊరి ఇళ్లలో తీసిన చిన్న చిత్రాలవి. వాటిలో నటించిన గంగవ్వ పొలం పనులు చేసుకుని బతికిన మనిషి, బడి చదువు లేని మనిషి. 2020లో ఆమె బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్‌లో పాల్గొన్నారు. మొదట్లో ఆ వీడియోలు అచ్చమైన వాడుకరి కంటెంట్. వాటి మీద ఆదాయం వచ్చి, పనివాళ్లు ఏర్పడి, వారంవారం కొత్త చిత్రం రావడం మొదలయ్యాక అది వృత్తి కాదా? ఏ రోజున హద్దు దాటిందో ఎవరూ చెప్పలేరు. చూసేవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ 'మన ఊరివాళ్లు' తీసినదే. ఇందులో మోసం లేదు. కానీ ఇదే మసకను వాడుకుని వ్యాపారం చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి ప్లాట్ల దగ్గర చూద్దాం.

ఇక మాట గురించి. 'యూజర్'ను తెలుగు పత్రికలు చాలాకాలం 'వినియోగదారుడు' అని రాశాయి. వినియోగదారుడంటే సరుకు కొనేవాడు. తెలుగు వికీపీడియాలో పనిచేసేవారు దానికి బదులు 'వాడుకరి' అనే మాటను స్థిరపరిచారు. అందులో కొనుగోలు వాసన లేదు, ఆడా మగా తేడా లేదు. మనం అందుకే దాన్ని తీసుకున్నాం.

ఊరి చరిత్ర ఊరివాళ్లే రాయడం కొత్తది కాదు

సామాన్యులు రాయడం ఇంటర్నెట్‌తో మొదలైందని అనుకోవడం పొరపాటు. సుమారు 1800 ప్రాంతంలో కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకుల చేత దక్షిణాదిన ఊరూరి వివరాలు సేకరింపజేశాడు. ఆ పనిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులది ముఖ్య పాత్ర. ఊరి కరణాలు తమ దగ్గరి దండకవిలెల్లో ఉన్నవి, పెద్దల నోట విన్నవి కలిపి రాయించిన వాటిని కైఫీయతులు అంటారు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్నవి వాటిలో ఉంటాయి. కరణం చరిత్రకారుడు కాడు. కానీ ఊరు తెలిసినవాడు. ఇప్పుడు చరిత్రకారులు కైఫీయతులను వదలరు, గుడ్డిగా నమ్మరు కూడా. మాన్యం ఎవరిదన్న చోట రాయించినవాడికి సొంత ప్రయోజనం ఉండవచ్చు కాబట్టి ఆ ఊరి శాసనంతోనో వేరే రికార్డుతోనో పోల్చి చూస్తారు. రాసినవాడు ఎంత దగ్గరివాడైతే అంత ఎక్కువ తెలుస్తుంది, అంత ఎక్కువ స్వార్థమూ ఉండవచ్చు. వాడుకరి కంటెంట్‌కు ఇది ఇవాళ్టికీ వర్తిస్తుంది.

దీనికి ఎదురుగా పండితుల పద్ధతి ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. ఏ వ్యాసం ఎవరు రాయాలో, ఏది ఉండాలో ఆయనే నిర్ణయించేవారు, చాలా తానే రాశారు. 1923లో ఆయన కన్నుమూయడంతో ఆ పని మధ్యలో ఆగింది. నాణ్యతకు పూచీ ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరి ఆయుష్షే గ్రంథానికి హద్దు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. దాన్ని ప్రారంభించింది వెన్న నాగార్జున. మొదట్లో తెలుగులో టైపు చేయడమే కష్టం. కీబోర్డు లేదు, ఖతులు సరిగా కనిపించేవి కావు. 'లేఖిని' వంటి ఉచిత ఉపకరణాలు వచ్చాక ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాయడం సులువై రాసేవారు పెరిగారు. ఇప్పుడు అందులో సుమారు లక్ష వ్యాసాలున్నాయి. వాటిలో వేల సంఖ్యలో ఊళ్ల పేజీలే. చాలా ఊళ్లకు జనాభా లెక్కల సమాచారమే ఆధారం. ఊరి చెరువు, జాతర, బడి గురించిన వాక్యాలు తరవాత ఎవరో ఊరివాళ్లు చేర్చినవి.

పెద్ద అంబర్‌పేట్ వంటి ఊరి పేజీ సరిగ్గా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఈ ఊరు హయత్‌నగర్ మండలం నుంచి కొత్తగా ఏర్పడ్డ అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోకి వెళ్లింది. జిల్లా రంగారెడ్డే. గ్రామ పంచాయతీగా ఉన్నది పురపాలిక అయింది. 2025 నవంబరులో ఔటర్ చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలపాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. వాటిలో పెద్ద అంబర్‌పేట్ కూడా ఉంది. ఇన్ని మార్పుల్లో అచ్చు పుస్తకం ఒక్కదాన్నైనా పట్టుకోలేదు. వాడుకరి కంటెంట్ పట్టుకోగలదు, కానీ ఎవరో ఒకరు వచ్చి దిద్దితేనే. ఇక పేరు సంగతి సరేసరి. పెద్ద అంబర్‌పేట్, పెద్దఅంబర్‌పేట, పెద్దంబర్‌పేట్ అని మూడు నాలుగు రకాలుగా రాస్తారు. కాచిగూడ పక్కనున్న అంబర్‌పేటకూ దీనికీ సంబంధం లేదు, మధ్య దూరం గంట ప్రయాణం. పటంలోనో రివ్యూలోనో ఎవరైనా 'పెద్ద' అన్న మాట వదిలేస్తే ఒక ఊరి దుకాణం మీద ఇంకో ఊరి కోపం పడుతుంది.

వికీపీడియాలో ప్రతి పేజీకి పైన 'చర్చ', 'చరిత్ర' అని ఉంటాయి. చాలామంది విద్యార్థులు వాటిని ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. చరిత్ర నొక్కితే ఏ వాక్యం ఏ తేదీన ఏ వాడుకరి చేర్చారో, ఎవరు తీసేశారో మొదటినుంచీ కనిపిస్తుంది. వాక్యం చివర చిన్న అంకె ఉంటే అది మూలానికి దారి. మూలం లేనిచోట ఆధారం అడిగే మూస పెడతారు. అంటే అక్కడ రాసినవాడి డిగ్రీ ఎవరూ అడగరు, రాసినదానికి రుజువు అడుగుతారు. దీన్నే 'నిర్ధారత్వం' అంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, నీకు తెలిసింది చాలదు, మేం చూసుకోగలిగేది చూపించు అని.

చదివేవారి దృష్టి

వాడుకరి కంటెంట్ ఎదురైనప్పుడు మనలో రెండు ఎదురెదురు భావాలు పనిచేస్తాయి. ఒకటి, "ఎవడో ఊరూపేరూ లేనివాడు రాశాడు, దీన్నేం నమ్ముతాం" అనేది. రెండోది, "మనలాంటివాడే రాశాడు, వాడికేం లాభం, నిజమే అయ్యుంటుంది" అనేది. విచిత్రమేమిటంటే ఒకే మనిషి ఉదయం వికీపీడియా వ్యాసాన్ని మొదటి కారణంతో తోసిపుచ్చి, మధ్యాహ్నం వాట్సాప్ మెసేజిని రెండో కారణంతో నమ్ముతాడు. మూలాలు చూపినదాన్ని అనుమానించి, ఏ మూలమూ లేనిదాన్ని నమ్మడం ఇది. ఎందుకిలా జరుగుతుందో చూద్దాం.

మొదటి భావాన్ని పరీక్షించిన ప్రయత్నం ఒకటుంది. 2005లో 'నేచర్' పత్రిక ఇంగ్లిషు వికీపీడియా నుంచి, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా నుంచి 42 విజ్ఞానశాస్త్ర అంశాల వ్యాసాలను తీసుకుని, ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణులకు ఇచ్చింది. వికీపీడియాలో 162 తప్పులు, బ్రిటానికాలో 123 తప్పులు దొరికాయి. సగటున వ్యాసానికి నాలుగు, మూడు. బ్రిటానికా ఆ పోలికను ఒప్పుకోలేదు, పద్ధతి సరికాదని వాదించింది. ఏమైనా, 'ఎవరుపడితే వాళ్లు' రాసినదానికీ పండితులు రాసినదానికీ మధ్య జనం అనుకున్నంత అగాధం కనిపించలేదు. అయితే ఈ ఫలితాన్ని తెలుగు వికీపీడియాకు అలాగే అంటగట్టకూడదు. ఇంగ్లిషు పేజీ మీద వేల కళ్లుంటాయి. తెలుగులో క్రమం తప్పకుండా రాసేవారు కొద్దిమంది. ఒక ఊరి పేజీలో పడ్డ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. ఇక్కడ తప్పుకు కారణం రాసినవారు సామాన్యులు కావడం కాదు, చూసేవారు చాలకపోవడం.

రెండో భావం మరింత బలమైనది. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్ ఒక ప్రయోగం చేశారు. ఒకే వ్యాసాన్ని విద్యార్థుల్లో కొందరికి నమ్మదగిన మూలం పేరుతో, కొందరికి నమ్మలేని మూలం పేరుతో ఇచ్చారు. అణుశక్తితో జలాంతర్గామి నడపడం సాధ్యమా అన్న వ్యాసానికి కొందరి దగ్గర శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ పేరు, ఇంకొందరి దగ్గర సోవియట్ పత్రిక ప్రావ్దా పేరు ఉంది. చదివిన వెంటనే మొదటివారే ఎక్కువగా ఒప్పుకున్నారు. నాలుగు వారాల తరవాత మళ్లీ అడిగితే ఆ తేడా మాయమైంది. నమ్మలేని మూలం నుంచి వచ్చినదాన్ని ఒప్పుకునేవారు పెరిగారు. మనసు విషయాన్ని దాచుకుంటుంది, ఎవరు చెప్పారన్నది జారవిడుస్తుంది. "ఎక్కడో చదివాను" అని మనం అనే మాటలో 'ఎక్కడో' అన్నదే ఈ ప్రయోగ ఫలితం.

వాట్సాప్ గ్రూపు ఈ బలహీనతను రెండింతలు చేస్తుంది. అక్కడ రాసినవారెవరో మొదటినుంచీ తెలియదు. కనిపించేది పంపినవారి పేరు: బాబాయి, పాత సారు, పక్కింటి వదిన. పంపినవారి మీదున్న నమ్మకం రాసినదాని మీదకు బదిలీ అవుతుంది. బాబాయి అబద్ధం చెప్పడు, నిజమే. కానీ ఆయన చెప్పలేదు, పంపాడు.

ఇంకో సంగతి. 1983లో డేవిసన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక ధోరణికి 'మూడో వ్యక్తి ప్రభావం' అని పేరు పెట్టాడు. ప్రచారం తన మీద పనిచేయదనీ, వేరేవాళ్ల మీద పనిచేస్తుందనీ మనుషులు అనుకుంటారు. మీరు ఈ భాగం చదువుతూ "ఔను, మా చుట్టాలంతా ఇలాగే నమ్మేస్తారు" అనుకుంటే, ఆ మూడో వ్యక్తి మీ చుట్టాల లెక్కలో మీరేనేమో ఆలోచించండి.

చుక్కల సంగతి కొంచెం వేరు. ఒక మనిషి మాటను నమ్మనివాళ్లు కూడా నాలుగు వందల మంది సగటును నమ్ముతారు. అందులో తర్కం ఉంది. కానీ ఆ నాలుగు వందల మంది ఎవరు? హోటల్లో తిని 'బాగానే ఉంది' అనుకుని వెళ్లినవాడు ఫోను తీయడు. బాగా సంతోషించినవాడో, బిర్యానీలో వెంట్రుక దొరికినవాడో తీస్తాడు. కాబట్టి అయిదు చుక్కలు, ఒక చుక్క ఎక్కువగా ఉండి మధ్యవి పలచబడతాయి. సగటు 4.1 అంటే అందరికీ కాస్త బాగుందని కాదు. దీనికి డబ్బు విలువ కూడా ఉంది. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్లపై మైకేల్ లూకా 2011లో చేసిన అధ్యయనంలో, 'యెల్ప్' రేటింగు ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగినట్టు తేలింది. పేరున్న గొలుసు హోటళ్లకు ఆ ప్రభావం కనిపించలేదు. అంటే వీధి చివర కొత్తగా పెట్టిన మెస్సుకే చుక్కలతో పని ఎక్కువ, చుక్కలు కొనాలన్న ఆశా అక్కడే ఎక్కువ. నకిలీ రివ్యూలను అదుపు చేయడానికి భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అది స్వచ్ఛందంగా పాటించవలసినది.

2018: నమ్మకం ఖరీదు

ఆ ఏడాది వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఆడియోలు, ఫొటోలు, వీడియోలు వరదలా వచ్చాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఈ అనుమానంతో గుంపు కొట్టి చంపింది. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్‌కు చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అదే విధంగా చనిపోయాడు. ఆయన స్నేహితులతో కలిసి వెళ్లాడు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ దృశ్యం ఫోన్లలో వాళ్లకన్నా ముందు తరవాతి ఊరికి చేరింది. అక్కడివాళ్లు రోడ్డుకు అడ్డం పెట్టి కాచుకున్నారు.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన చిత్రం. అసలు చిత్రం చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. గమనించండి: అందులో కల్పించి చేర్చినది ఒక్క దృశ్యమూ లేదు, తీసేసినదే ఉంది. కంటితో చూసినదాన్ని నమ్మక ఏం చేస్తామని గుంపులోని మనిషి అంటే, అతడి దృష్టిలో అది సబబే.

ఇప్పుడు ఊరి పేజీతో పోల్చండి. వికీపీడియాలో ఎవరైనా ఒక వాక్యం కత్తిరిస్తే చరిత్రలో ఆ కత్తిరింపు కనిపిస్తుంది, పాత రూపం ఒక్క నొక్కుతో తిరిగి వస్తుంది. వాట్సాప్ వీడియోకు చరిత్ర పేజీ లేదు. ఆ గ్రూపులో ఎవరైనా "ఇది అబద్ధం" అని రాసినా ఆ సవరణ ఆ గ్రూపు దాటదు. అప్పటికే వీడియో ఇంకో ఇరవై గ్రూపుల్లో ఉంటుంది. ఇద్దరు రచయితలూ సామాన్యులే, రెండూ వాడుకరి కంటెంటే. తేడా అంతా రాసిన తరవాత దానికి ఏమవుతుందన్న దానిలో ఉంది: ఎవరైనా దిద్దగలరా, దిద్దితే చదివినవాళ్లకు తెలుస్తుందా అన్నదానిలో. పాఠకులు మాత్రం ఈ తేడాను చూడరు. దగ్గరితనాన్ని చూస్తారు.

ఆ జులైలోనే వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజిని ఒకేసారి అయిదుగురికి లేదా అయిదు గ్రూపులకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్లో, ఎన్నోసార్లు చేతులు మారిన మెసేజిని ఒకసారికి ఒక్కచోటికే పంపేలా చేసింది. మీ ఫోనులో రెండు బాణాల గుర్తుతో కనిపించేవి అవే. కంపెనీ తీసుకున్న చర్య ఇది. గద్వాలలో జరిగినది నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు. వాళ్లు డప్పు కొట్టి, జానపద బాణీల్లో పాటలు కట్టి, ఈ వీడియోలు అబద్ధమని చెప్పారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు సభ్యులుగా చేరారు. ఫోనులో వచ్చిన పుకారుకు ఫోనులో ఖండన చాలదనీ, దాన్ని నమ్మించిన దగ్గరితనమే దాన్ని ఆపాలనీ గ్రహించిన పద్ధతి అది.

ప్లాటు వీడియో

మళ్లీ పెద్ద అంబర్‌పేట్‌కు వద్దాం. ఒక కుర్రవాడు ఖాళీ స్థలంలో నిలబడి, ఫోనుతో తానే తీసుకుంటూ, "ఫ్రెండ్స్, నేను చూసిన వెంచర్లలో ఇది బెస్ట్" అంటాడు. గాలి చప్పుడు, వణికే కెమెరా, ఇంటి మాట. చూసేవారికి అది వాడుకరి కంటెంట్‌లా కనిపిస్తుంది. అతడికి వెంచర్ వాళ్లు డబ్బు ఇచ్చి ఉంటే ఓఈసీడీ చెప్పిన మూడో లక్షణం పోయింది, అది ప్రకటన. ప్రకటనను ప్రకటన అని చెప్పాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఈ నియమం పెట్టింది. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కాదు, బహుమతి, ఉచిత ప్రయాణం, వాటా తీసుకున్నా చెప్పాలి.

ఇలాంటి వీడియో చూసినప్పుడు కుర్రవాడు నిజాయితీపరుడా కాదా అని ముఖం చూసి తేల్చుకోవడానికి ప్రయత్నించకండి, అది తేలదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది యూనిట్లు దాటిన ప్రాజెక్టును అమ్మకానికి ముందే నమోదు చేయించాలి. ప్రకటనలో రెరా నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య తెలంగాణ రెరా వెబ్‌సైటులో దొరుకుతుందా, లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ అనుమతి ఉందా, సర్వే నంబరుకు ఈసీ తీయిస్తే ఏం కనిపిస్తోంది, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా: ఇవి వీడియోకు బయట ఉన్న విషయాలు. కైఫీయతును శాసనంతో పోల్చడం లాంటిదే ఇది. అంత మాత్రాన వీడియోను పారేయవలసిన పని లేదు. వానాకాలంలో ఆ స్థలంలో నీళ్లు నిలుస్తాయా అన్నది ఏ రికార్డూ చెప్పదు. కింద ఎవరో ఆ పక్క కాలనీవాసి రాసిన ఒక వాక్యం చెప్పవచ్చు.

చట్టం దృష్టిలో

ఇక్కడ క్లుప్తంగా చూద్దాం, మరో భాగంలో వివరంగా వస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ ప్రకారం వాడుకరులు పెట్టినదానికి ఆ వేదిక, కొన్ని షరతులకు లోబడి, బాధ్యత వహించనక్కరలేదు. పెట్టినవారికి మాత్రం ఆ రక్షణ లేదు. ఆన్‌లైన్‌లో 'చిరాకు కలిగించే' రాతలను నేరంగా చూసిన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టివేసింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు వేదికలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని చెప్పాయి. మీరు రాసిన రివ్యూ మీద మీకు హక్కు ఉంది. మీరు ఫార్వర్డ్ చేసిన పరువునష్టపు మాట మీద బాధ్యతా ఉంటుంది. "నేను రాయలేదు, పంపానంతే" అన్నది చెల్లుతుందని ధీమాగా ఉండకండి.

అభ్యాసం

తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ, లేకపోతే మీ మండలం పేజీ తెరవండి. 'చరిత్ర' నొక్కి మొదటి కూర్పు ఏ తేదీదో, చివరి మార్పు ఏ తేదీదో రాసుకోండి. పేజీలో మూలం ఉన్న వాక్యం ఒకటి, మూలం లేని వాక్యం ఒకటి ఎంచుకోండి. మూలం లేనిదాన్ని ఊళ్లో ఎవరిని అడిగితే, ఏ కాగితం చూస్తే తేల్చుకోవచ్చో అర పేజీలో వివరించండి. మండలం పేరు 2016కు ముందుదో తరవాతిదో తప్పక చూడండి. తప్పుంటే 'సవరించు' నొక్కి, మూలం చూపి, దిద్దండి. దిద్దిన తేదీని మీ అసైన్‌మెంటులో పేర్కొనండి. పరిశీలకులు అదే 'చరిత్ర'లో చూసుకుంటారు.